ఆటస్థలములో న్యాయవిచారణ: బిషప్ షెపర్డ్, 1970 క్రికెట్ పర్యటన

మతము వేరు, రాజకీయము వేరు, ఆటలు వేరు. ఒకదాని హద్దులో మరొకటి అడుగు పెట్టరాదు అనే మాట మనము తరచు వింటూ ఉంటాము. వినుటకు ఇంపుగానే ఉంటుంది. కాని ఒక ప్రభుత్వమే చర్మపు రంగును చూచి ఆటగాళ్లను వేరు చేసినప్పుడు ఆ హద్దును మొదట దాటినది ఎవరు? 1968 నుండి 1970 వరకు ఇంగ్లండులో కొందరు క్రైస్తవులు ఈ ప్రశ్నను క్రికెట్ పెద్దల ఎదుట పెట్టారు. వారిలో అగ్రగణ్యుడు డేవిడ్ షెపర్డ్.

షెపర్డ్ ఆట తెలియని మతబోధకుడు కాడు. ఇంగ్లండు తరఫున 22 టెస్టులు ఆడినవాడు. 1954లో పాకిస్థాన్ జట్టుపై రెండు టెస్టులకు నాయకత్వము వహించినవాడు. 1955లో ఆంగ్లికన్ సంఘములో గురుదీక్ష పొంది, తరువాత తూర్పు లండనులో ఓడరేవు కూలీలు నివసించే కానింగ్ టౌన్‌లో పన్నెండేళ్లు సేవ చేశారు. దక్షిణాఫ్రికా జట్టుతో ఆడబోనని ఆయన 1960లోనే బహిరంగముగా ప్రకటించారు. ఆ దేశపు జట్టులో తెల్లవారికే చోటు. అంతేకాదు, భారత్, పాకిస్థాన్, వెస్టిండీస్ జట్లతో ఆ దేశము అప్పటికి ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ఈ సంగతి తెలిసిన తరువాత కూడా ఆటలో రాజకీయములు వద్దు అనుట ఎంత విడ్డూరమో విద్యార్థులే ఆలోచించవచ్చును.

బేసిల్ డాలివీరా కేప్ టౌన్ నగరములోని సిగ్నల్ హిల్ ప్రాంతములో పెరిగిన క్రీడాకారుడు. స్వదేశములో ప్రభుత్వము ఆయనను ‘కలర్డ్’ వర్గములో చేర్చినందున జాతీయ జట్టు తలుపులు మూసుకొనిపోయాయి. 1960లో ఇంగ్లండు చేరి, 1966లో ఆ దేశపు టెస్టు ఆటగాడయ్యారు. 1968 ఆగస్టులో ఓవల్ మైదానములో ఆస్ట్రేలియాపై 158 పరుగులు చేశారు. అయినను కొన్ని రోజులకే ప్రకటించిన దక్షిణాఫ్రికా పర్యటన జట్టులో ఆయన పేరు లేదు! పర్యటనకు రాలేనని ముందే చెప్పవలసినదిగా ఆయనకు ధనాశ చూపిన ఉదంతము కూడ ఉన్నది, ఆయన లొంగలేదు. పిదప కార్ట్‌రైట్ గాయము వలన తప్పుకొనగా డాలివీరాకు పిలుపు వచ్చింది. దక్షిణాఫ్రికా ప్రధాని వోర్స్టర్ ఆ జట్టును అంగీకరింపలేదు. పర్యటన రద్దయినది.

షెపర్డ్ ఊరకుండలేదు. తాను సభ్యుడైన ఎం.సి.సి. క్లబ్బులోనే సభ్యులను కూడగట్టి ప్రత్యేక సర్వసభ్య సమావేశమును కోరారు. 1968 డిసెంబరులో వెస్ట్‌మినిస్టర్‌లోని చర్చ్ హౌస్‌లో అది జరిగినది. తరువాతి కాలములో ఇంగ్లండు కెప్టెన్ అయిన మైక్ బ్రియర్లీ ఆయన తీర్మానమును బలపరచారు. తీర్మానములు భారీ తేడాతో ఓడిపోయాయి. మా దృష్టిలో ఈ ఓటమే ఆ కథలో అన్నిటికన్న గణనీయమైన ఘట్టము. పరాయివారి అన్యాయమును ఖండించుట సులభము. తనతో కలిసి ఆడినవారి, భుజించినవారి ఎదుట లేచి “మనము పొరబడినాము” అనుట సులభము కాదు. కళాశాల సంఘములలో ఒంటరిగా చేయి ఎత్తిన అనుభవమున్న విద్యార్థికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

1970 వేసవిలో దక్షిణాఫ్రికా జట్టు ఇంగ్లండుకు రావలసి ఉన్నది. ఇరవై ఏళ్ల విద్యార్థి పీటర్ హెయిన్ నాయకత్వములో యువకులు మైదానములలోనికి చొచ్చుకొనిపోయి ఆట ఆపుటకు సిద్ధమయ్యారు. లార్డ్స్ మైదానమునకు ముళ్లకంచెలు వేశారు. అప్పటికి వూలిచ్ బిషప్ అయిన షెపర్డ్ ఆ మార్గము పట్టక, ‘ఫెయిర్ క్రికెట్ కాంపెయిన్’ అను సంస్థకు అధ్యక్షుడై చట్టబద్ధముగా ప్రజాభిప్రాయమును కూడగట్టారు. ఎడిన్‌బరోలో జరుగవలసిన కామన్వెల్త్ క్రీడలను బహిష్కరింతుమని పలు దేశములు హెచ్చరించాయి. తుదకు హోం మంత్రి కాలహన్ కోరిక మేరకు మే 22న పర్యటన రద్దయినది. ముళ్లకంచె భయము లేకున్న పెద్దలు బిషప్ మాట వినెడివారా? విని ఉండరనే మా అనుమానము. అయితే బిషప్ వంటి వారు లేకున్న హెయిన్ అనుచరులను అల్లరిమూక అని కొట్టివేయుట తేలికయ్యేది.

ఇక్కడ ఒక సత్యమును దాచరాదు. వర్ణవివక్షను సమర్థించినవారి చేతిలోను బైబిలే ఉన్నది. దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్డ్ చర్చి ఆ విధానమునకు దైవశాస్త్రపు ఊతమిచ్చినది. 1982లో గాని ప్రపంచ రిఫార్మ్డ్ చర్చిల సమాఖ్య దానిని మతద్రోహమని ప్రకటింపలేదు. గ్రంథము ఒకటే, చదివిన హృదయములు వేరు. ఈ చిక్కు క్రైస్తవులకే పరిమితము కాదని మనకు తెలుసు.

క్రికెట్ నుండి కొంత పక్కకు జరిగినను, డాలివీరా పెరిగిన సిగ్నల్ హిల్ మీదనే జరిగిన మరొక సంగతిని చెప్పక ఉండలేము. కేప్ టౌన్‌కు చెందిన ఇమాం అబ్దుల్లా హారూన్ వర్ణవివక్షను ఎదిరించి, 123 దినములు పోలీసు నిర్బంధములో ఉండి, 1969 సెప్టెంబరు 27న మరణించారు. మెట్ల మీద నుండి పడ్డారని పోలీసులు చెప్పారు. లండనులోని సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయన స్మృత్యర్థము ప్రార్థన జరిగినది. 1971లో బెర్నార్డ్ రాంక్‌మోర్ అను ఆంగ్లికన్ గురువు ఆ మరణముపై విచారణ కోరుతూ రెండు నెలలకు పైగా ఉపవసించారు. ఎక్కడ? సిగ్నల్ హిల్ మీది ఒక ముస్లిం దర్గాలో. ఒక ఇమాంకు ఇన్సాఫ్ కోరి ఒక పాదిరీ దర్గాలో ఉపవాసముండుట! ప్రభుత్వము చలింపలేదు. చిత్రహింసల వలననే ఇమాం మరణించారని న్యాయస్థానము 2023లో తేల్చినది.

మన దేశము కూడ 1974లో డేవిస్ కప్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికాతో ఆడక, కప్పునే వదులుకొన్నది. వివక్షా చట్టములు రద్దవుతున్న తరుణమున, 1991 నవంబరు 10న ఆ దేశపు జట్టు అంతర్జాతీయ క్రికెట్‌లో తిరిగి అడుగిడినది కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లోనే. షెపర్డ్ అప్పుడు లివర్‌పూల్ బిషప్, 2005లో పరమపదించారు. ఇంగ్లండు, దక్షిణాఫ్రికా జట్లు 2004 నుండి టెస్టు సిరీస్‌లలో బేసిల్ డాలివీరా పేర వెలసిన ట్రోఫీ కొరకు పోటీపడుతున్నాయి.