డ్రూయిడుల మతము: శత్రుసాక్ష్యము

ప్రాచీన కెల్టుజాతుల మతమును విచారింపఁబూనిన మాకు మొదటనే యొక చిక్కు తోఁచినది. ఏ వ్యాజ్యమునందైనను సాక్షి యెవ్వఁడు, వానికిఁ బక్షపాతమున్నదా యని యడుగుట మా వృత్తిధర్మము. ఇచ్చట ముఖ్యసాక్షి క్రీ. పూ. 58 మొదలు గాలుదేశముపై, అనఁగా నేటి ఫ్రాన్సుపై, దండెత్తి జయించిన జూలియస్ సీజరే!

అతఁడు చెప్పినదేమన: డ్రూయిడులను పురోహితులు బలులు నడపుదురు, తగవులు తీర్తురు. వారి తీర్పు మీఱినవానికి వెలియే శిక్ష. శిష్యులలోఁ గొందఱు 20 సంవత్సరములు పద్యములు వల్లించుచుందురు. లౌకికవ్యవహారములకు గ్రీకులిపిని వాడియు, మతవిద్యను మాత్రము వ్రాయనీయరు. సామాన్యజనులకుఁ దెలియరాదని యొక కారణము, వ్రాఁతను నమ్మిన శిష్యునకు ధారణ తగ్గునని రెండవ కారణము నని సీజరు ఊహించెను. ఆత్మ నశింపక దేహాంతరమును జొచ్చునని వారి బోధయఁట. గాలులు పరలోకమునఁ దీర్చు గడువుతో అప్పు లిచ్చెడివారని వలేరియస్ మాక్సిమసను రోమను గ్రంథకర్త వ్రాసెను. అట్టి పత్రముపై మే మెవ్వరమును దావా వేయఁజాలము గాని, వారి విశ్వాసము గట్టిదని యొప్పుకొనక తప్పదు.

శుక్లపక్షమున ఆఱవనాఁడు తెల్లని వస్త్రములు దాల్చిన పురోహితుఁడు ఓకు వృక్షమెక్కి బదనికను బంగారు కొడవలితోఁ గోయుననియు, పిదప రెండు తెల్లని యెద్దులను బలి యిత్తురనియుఁ బ్లినీ చెప్పెను.

ఇంక నరబలి. మనుష్యులను పెద్ద అల్లికబొమ్మలలో నింపి కాల్చుదురని సీజరు నేరము మోపెను. దీనిని మేము త్రోసివేయము. కాని ఫిర్యాది నడవడియు నడుగవలయును గదా! క్రీ. పూ. 216 లో కాన్నే యుద్ధమున నోడిన రోమనులు గాలుజాతి స్త్రీపురుషులను, గ్రీకుజాతి స్త్రీపురుషులను పశువుల సంతలో సజీవముగాఁ బూడ్చిరి. ఇది వ్రాసినవాఁడు రోమను చరిత్రకారుఁడగు లివీ. వారి సెనేటు నరబలిని నిషేధించినది క్రీ. పూ. 97 లోనే. 1984 లో ఇంగ్లండునందలి చెషైరు సీమలో లిండో బురదనేలనుండి తలపై దెబ్బలు, మెడకు బిగిసిన త్రాడు గల పురాతన పురుషదేహము బయల్పడినది. కడుపులో బదనిక పుప్పొడి యుండెను. బలియేయని కొందఱు పండితులు, వట్టి హత్య కావచ్చునని కొందఱు.

క్రీ. శ. 60 ప్రాంతమున రోమను సేనాపతి పాలినసు మోనా ద్వీపముపైఁ బడి డ్రూయిడుల పవిత్రవనములను నఱికించెను. ఇరువదేండ్లు వల్లించిన యా పద్యములలో నొక్కటియు మనకు దక్కలేదు. 1942 లో ఆంగ్లసీ యనఁబడు నా ద్వీపమునందే విమానస్థలము కట్టుచుండఁగా, పూర్వము చెఱువున సమర్పించిన కత్తులు, రథభాగములు, బానిసల మెడలకుఁ దగిలించు ఇనుపగొలుసులు బయల్పడినవి. ప్రాచీనత నెఱుఁగని పనివారు అందొక గొలుసుతో బురదలో దిగబడిన బండ్లను లాగించిరి. అది తెగలేదు.