సైకిల్ మరమ్మతుకు ముందుగా ఏం కొనాలి?

ప్రశ్న: మాది అరకు దగ్గర కొండపల్లె. మా పాప బడికి సైకిల్ మీద వెళ్తుంది. ఇంట్లోనే రిపేరు నేర్చుకోవాలంటే ఏ పనిముట్లు కావాలండీ?

జవాబు: పెద్ద కిట్టు వద్దమ్మా. ముందు పంక్చర్ నేర్చుకోండి. గాలిపంపు, రెండు టైరు లివర్లు, గరుకు కాగితం, సొల్యూషన్, ప్యాచ్‌లు చాలు. స్క్రూడ్రైవర్‌తో టైరు విప్పొద్దు, ట్యూబు చీలుతుంది. మామూలు సైకిల్‌కు డంబెల్ స్పానర్ సరిపోతుంది. గేర్ల సైకిలైతే 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు కొనండి. గాలి ఊరికే దిగిపోతుంటే టైరు జోలికి వెళ్లేముందు వాల్‌ట్యూబు మార్చి చూడండి.

నా బెంగంతా బ్రేకుల మీదే. మీవి ఎగుడుదిగుడు దారులు. వానాకాలంలో మట్టి చేరి బ్రేకు రబ్బర్లు త్వరగా అరుగుతాయి. ఒక జత ఎప్పుడూ ఇంట్లో ఉంచండి. ఏ బ్రేకు పట్టకపోయినా, ఆ రోజు దిగుడులో పాపను సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లమనండి.