గెలుపులో గురువు వాటా: బౌలింగ్ కోచ్‌ను గురించి ఒక లేఖ

మంగళగిరిలో పేస్ బౌలింగ్ అభ్యసిస్తున్న చిరంజీవికి ఆశీస్సులు.

ఒక జట్టు గెలిచిన మరునాడు అభిమానుల మధ్య తలెత్తే వివాదాలలో, ఆ గెలుపులో బౌలింగ్ కోచ్ వాటా ఎంత అన్నది ఒకటి. ఒక పక్షం గెలుపు మొత్తాన్ని అతని తెలివికే కట్టబెడుతుంది. బంతి వేసినవాడు బౌలరే కాని కోచ్ కాదు కదా అని రెండవ పక్షం అడ్డు తగులుతుంది. కోచ్ చేసిన పని స్కోరు పట్టికలో ఏ గడిలోనూ నమోదు కాదు కనుక, ఆ పట్టికను మాత్రమే ముందు పెట్టుకొని వాదించినంత కాలం ఈ తగువు తేలదు. బౌలింగ్ నేర్చుకొనే విద్యార్థికి ఇది కాలక్షేపపు చర్చ కాదు. శిక్షకుడు చెప్పిన దానిలో ఏది పట్టుకోవాలి, ఏది తన చేతికీ తన కంటికీ వదిలిపెట్టాలి అన్న విచక్షణ ఈ ప్రశ్నకు దొరికే సమాధానం మీదనే నిలుస్తుంది.

దీనిని పరీక్షించడానికి తెలుగువారికి 2020-21 ఆస్ట్రేలియా పర్యటనను మించిన ఉదాహరణ లేదు. అప్పటి భారత జట్టు బౌలింగ్ కోచ్ భరత్ అరుణ్ 1962లో, మంగళగిరికి కృష్ణానది అవతలి ఒడ్డున ఉన్న విజయవాడలో పుట్టారు. తమిళనాడు తరఫున ఆడిన ఆయన దేశానికి ఆడినవి రెండు టెస్టులు, నాలుగు వన్‌డేలు మాత్రమే. అయినా 2012లో అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన భారత యువజట్టుకు శిక్షకుడు ఆయనే. ఆటగాడిగా పెద్ద పేరు లేనివాడు గొప్ప బౌలర్లకు ఏమి చెప్పగలడు అన్న ప్రశ్నకు ఈ ఒక్క జీవితమే చాలినంత జవాబు.

ఆ పర్యటనలో మొదటి టెస్టు అడిలైడ్‌లో జరిగింది. 2020 డిసెంబరు 19న భారత్ రెండవ ఇన్నింగ్స్‌లో 36 పరుగులకే ముగిసిపోయింది. కెప్టెన్ విరాట్ కోహ్లి స్వదేశానికి వెళ్ళిపోగా అజింక్య రహానే నాయకత్వంలో జట్టు మెల్‌బోర్న్‌లో 8 వికెట్ల తేడాతో గెలిచి, సిడ్నీలో ఓటమిని తప్పించుకొని, 2021 జనవరి 19న బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో 328 పరుగుల లక్ష్యాన్ని 3 వికెట్లు మిగిలి ఉండగా ఛేదించి, 2-1 తేడాతో సిరీస్‌ను గెలుచుకొన్నది. 1988 తరువాత ఆస్ట్రేలియా ఆ మైదానంలో టెస్టు ఓడిపోవడం అదే మొదటిసారి.

కోచ్ ప్రభావాన్ని వెదకవలసిన మొదటి చోటు ప్రణాళిక. బ్యాట్స్‌మన్ సిద్ధంగా నిలబడినప్పుడు అతని ఛాతీ తిరిగి ఉన్న సగం మైదానాన్ని ఆఫ్ సైడ్ అనీ, వీపు వైపు సగాన్ని లెగ్ సైడ్ అనీ అంటారు. ఆస్ట్రేలియాలో పేస్ బౌలర్లు సాధారణంగా ఆఫ్ స్టంప్‌కు కొంచెం బయట బంతి వేసి, బ్యాట్ అంచు తగిలించి స్లిప్పుల్లో క్యాచ్ కోసం ఎదురుచూస్తారు. స్టీవ్ స్మిత్, మార్నస్ లబుషేన్ తమ పరుగులలో అధికభాగం ఆఫ్ సైడ్‌లోనే రాబడుతున్నారని గమనించి, ఆ దారినే మూసివేయాలని ప్రధాన కోచ్ రవిశాస్త్రి కొన్ని నెలల ముందే సూచించారనీ, అంతకుముందు న్యూజిలాండ్ బౌలర్ నీల్ వాగ్నర్ స్మిత్‌ను శరీరం మీదికి వచ్చే బంతులతో పదేపదే ఔట్ చేయడాన్ని కూడా అధ్యయనం చేశామనీ సిరీస్ ముగిశాక అరుణ్ బహిరంగంగానే వివరించారు. స్టంపుల మీదికి నేరుగా బంతి, లెగ్ సైడ్‌లో కాపు కాసిన ఫీల్డర్లు: ఇదీ వ్యూహం. మెల్‌బోర్న్‌లో స్మిత్ మొదటి ఇన్నింగ్స్‌లో అశ్విన్ బంతికి లెగ్ గల్లీలో పుజారాకు చిక్కి సున్నాకే వెనుదిరిగాడు. రెండవ ఇన్నింగ్స్‌లో బుమ్రా బంతి కాళ్ళ వెనుకనుంచి దూరి బెయిల్‌ను పడగొట్టింది. అదే టెస్టులో లబుషేన్ కూడా లెగ్ సైడ్‌లో గిల్ చేతికి చిక్కగా, అది మహమ్మద్ సిరాజ్‌కు టెస్టులలో మొదటి వికెట్ అయింది. ఔట్ అయిన తీరు ముందుగా గీసుకొన్న పథకంతో ఇంత స్పష్టంగా సరిపోయినప్పుడు, దానిని కేవలం అదృష్టం అనడం న్యాయం కాదు.

అయితే చిరంజీవి ఇక్కడే ఆగిపోకూడదు. సిడ్నీలో అదే స్మిత్ 131, 81 పరుగులు చేశాడు. సిరీస్ మొత్తంలో అందరికంటె ఎక్కువగా 426 పరుగులు చేసినవాడు లబుషేనే. ప్రణాళిక ప్రత్యర్థికి పరుగులు కష్టతరం చేస్తుందే కాని అతని ప్రతిభను రద్దు చేయదు. పథకం ఫలించిన రోజును మాత్రమే గుర్తుపెట్టుకొని, ఫలించని రోజును మరచిపోవడమే అభిమానుల వాదాలలో అన్నిటికంటె పెద్ద లోపం.

గబ్బాకు వచ్చేసరికి పరిస్థితి మరింత లోతైన సాక్ష్యాన్ని ఇస్తుంది. షమి ముంజేతి ఎముక విరిగి, ఉమేష్ యాదవ్, బుమ్రా, అశ్విన్, జడేజా ఒకరి తరువాత ఒకరు గాయపడి తప్పుకోగా, ఆ టెస్టులో బౌలర్లుగా ఆడిన అయిదుగురికీ కలిపి అంతకుముందున్న టెస్టుల అనుభవం నాలుగు మ్యాచ్‌లే. సిరాజ్‌కు రెండు, సైనీకి ఒకటి, 2018లో హైదరాబాద్‌లో తొలి టెస్టు ఆడుతూ పది బంతులకే గాయంతో ఆగిపోయిన శార్దూల్ ఠాకూర్‌కు ఒకటి; నటరాజన్, వాషింగ్టన్ సుందర్‌లకు అదే తొలి టెస్టు. సైనీ కూడా మధ్యలో గాయపడగా మిగిలిన నలుగురే ఇరవై వికెట్లనూ పంచుకొన్నారు. సిరాజ్ రెండవ ఇన్నింగ్స్‌లో 73 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు.

ఇది ఎలా సాధ్యమైంది? కోవిడ్ నిబంధనల వల్ల కొత్తవారిని మధ్యలో రప్పించే వీలు లేనందున జట్టు పెద్ద బృందంతోనే ప్రయాణించింది. నటరాజన్ నెట్ బౌలర్‌గా, అంటే సాధనలో తోటి బ్యాట్స్‌మెన్‌కు బంతులు వేయడానికి వెళ్ళినవాడు. అందువల్ల తుదిజట్టులోకి అనుకోకుండా వచ్చినవారు కూడా ప్రధాన బౌలర్లు విన్న మాటలే వింటూ, వారు వేసిన లెంగ్త్‌లే సాధన చేస్తూ వారాల తరబడి అదే శిక్షణలో గడిపారు. లెంగ్త్ అంటే బంతి నేల తాకే చోటుకూ బ్యాట్స్‌మన్‌కూ మధ్య ఉండే దూరం. పెద్ద బౌలర్ ఆడినప్పుడు అతని నైపుణ్యం ఏది, కోచ్ బోధన ఏది అని విడదీయడం దాదాపు అసాధ్యం. పెద్దవారందరూ లేనప్పుడు కూడా పద్ధతి నిలబడితే, ఆ పద్ధతి వ్యక్తులది కాక శిక్షణది అని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. ఇంతటి బలమైన ఆధారం క్రికెట్‌లో అరుదుగా లభిస్తుంది.

ఇటువంటి చర్చ అమెరికా వారి బేస్‌బాల్‌లో మరింత పాతది. అక్కడ బంతి విసిరేవానిని పిచర్ అంటారు, అతని శిక్షకుడే పిచింగ్ కోచ్. ఆట నడుస్తుండగానే ఆ కోచ్ పిచర్ నిలుచున్న దిబ్బ వద్దకు నడిచి వెళ్ళి మాట్లాడవచ్చు, కాని ఒకే ఇన్నింగ్‌లో అదే పిచర్ వద్దకు రెండవసారి వెళితే అతనిని మార్చవలసిందే. క్రికెట్ బౌలింగ్ కోచ్‌కు ఆ అవకాశం లేదు. మైదానంలో ఫీల్డింగ్ అమర్చేదీ, ఓవరు ఎవరికి ఇవ్వాలో తేల్చేదీ కెప్టెనే. కనుక మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లలో అరుణ్‌కు ఇచ్చే ఘనతలో రహానే భాగాన్ని తీసివేయకుండా ఉండడం ధర్మం.

అట్లాంటా బ్రేవ్స్ జట్టుకు 1990 నుంచి 2005 వరకు పిచింగ్ కోచ్‌గా పనిచేసిన లియో మజ్జోన్‌ను గురించిన వివాదం విద్యార్థికి బాగా ఉపకరిస్తుంది. ఆయన తన పిచర్ల చేత మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య తక్కువ బలంతో రెండుసార్లు సాధన చేయించేవారు. ఆయన వద్ద ఉండగా గ్లావిన్, మాడక్స్, స్మోల్ట్స్ 1991-98 మధ్య, ఏటా అత్యుత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారాన్ని ఆరుసార్లు గెలిచారు. కాని మాడక్స్ 1992లోనే, షికాగో కబ్స్‌కు ఆడుతూ, ఆ పురస్కారాన్ని అందుకొన్నాడు. మజ్జోన్ తరువాత బాల్టిమోర్‌కు వెళ్ళినప్పుడు అక్కడ ఆ ఫలితాలు రాలేదు. కోచ్ వాటాను విడదీసి చూడడానికి అర్థశాస్త్రవేత్త జె.సి. బ్రాడ్‌బరీ, ఒకే పిచర్ ఆయన వద్ద ఉన్నప్పుడు ఎలా ఆడాడు, లేనప్పుడు ఎలా ఆడాడు అని పోల్చి, కోచ్ ప్రభావం నిజమేనని తేల్చాడు. అతని అంకెలకంటె, పోల్చిన పద్ధతి విద్యార్థికి ముఖ్యం.

ఆ పద్ధతిని సిరాజ్‌కు వర్తింపజేయవచ్చు. హైదరాబాద్ గల్లీలలో టెన్నిస్ బంతితో ఆడి పెరిగిన ఇతడు, అరుణ్ హైదరాబాద్ జట్టుకు కోచ్‌గా ఉన్న 2016-17 రంజీ సీజన్‌లో 41 వికెట్లు తీసి వెలుగులోకి వచ్చాడు. ఆ మార్పులో అరుణ్ పాత్రను అతడే కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు. 2021లో అరుణ్ భారత జట్టును విడిచిపెట్టారు. ఆ తరువాత పారస్ మాంబ్రే కోచ్‌గా ఉండగా 2023 ఆసియా కప్ ఫైనల్లో సిరాజ్ 21 పరుగులకు 6 వికెట్లు తీశాడు. మోర్నీ మోర్కెల్ కాలంలో, 2025 ఆగస్టు 4న ఓవల్‌లో భారత్ 6 పరుగులతో గెలిచిన టెస్టులో తొమ్మిది వికెట్లు తీసి, ఆ సిరీస్‌ను 23 వికెట్లతో ముగించాడు. ముగ్గురు కోచ్‌ల కింద నిలిచినది బౌలర్ సొత్తు. తొలి గురువు తలుపు తెరిచాడు అన్నది ఎంత నిజమో, ఆ తరువాత ఇన్నేళ్ళు నడిచిన కాళ్ళు సిరాజ్‌వే అన్నదీ అంతే నిజం.

2024 మే 26న చెన్నైలో సన్‌రైజర్స్ హైదరాబాద్‌ను కోల్‌కతా 113 పరుగులకు కూల్చి ఐపీఎల్ గెలిచినప్పుడు కూడా కోల్‌కతా బౌలింగ్ కోచ్ అరుణే. తెలుగు అభిమానులకు అది బాధాకరమైన రాత్రి. అయినా తొలి ఓవర్లో అభిషేక్ శర్మను బౌల్డ్ చేసిన కోల్‌కతా బౌలర్ స్టార్క్ బంతి అతడు పదేళ్ళకు పైగా అంతర్జాతీయ క్రికెట్‌లో సానబెట్టుకొన్నది. ఒక్క రాత్రి ఆటనుంచి కోచ్ ఘనతను కొలవబూనడం తొందరపాటే.

ఇక మంగళగిరి విషయానికి వస్తే, నవులూరులో అంతర్జాతీయ స్థాయి క్రీడాప్రాంగణం వెలసిన ఈ ప్రాంతం చాలావరకు పత్తీ మిరపా పండే నల్లరేగడి మైదానం. నల్లమట్టి పిచ్ తేమను పట్టి ఉంచి, గట్టిగా అతుక్కొని, ఎర్రమట్టి పిచ్‌కంటె సాధారణంగా తక్కువ ఎత్తుకు బంతిని లేపుతుంది. అటువంటి నేల మీద స్టంపులను సూటిగా గురిచూడడం మొదట అలవడవలసిన విద్య. గబ్బా వంటి గట్టి, ఎగసే పిచ్‌ల కోసం అదే బౌలర్ లెంగ్త్‌ను మార్చుకోవలసి వస్తుంది. ఆ మార్పు ఎంత ఉండాలో బయటనుంచి చూసే కోచ్ కన్ను చెప్పగలదు, కాని చేతినుంచి బంతి జారే క్షణం అతనికి అందదు. కనుక చిరంజీవి ఒక నోటు పుస్తకం పెట్టి, వేసిన ప్రతి ఓవరుకూ ఉద్దేశించిన చోటునూ బంతి నిజంగా పడిన చోటునూ రాసుకొంటూ, కోచ్ పక్కన ఉన్న రోజుల పుటలను లేని రోజుల పుటలనుంచి వేరుగా ఉంచి, సీజన్ ముగిశాక రెండిటినీ కోచ్ ఎదుటే తెరిచి చదవాలి.