కామోద్వేగమునకు యోగము చాలునా?

ప్రశ్న: కామోద్రేకమును నిగ్రహించుకొనలేక ఉద్యోగమును, నిద్రను పాడుచేసికొనుచున్నాను. యోగాభ్యాసముతో నయమగునా?

జవాబు: నష్టము కలుగుచున్నను మానుకొనలేక ఆరు మాసములో, అంతకు మించియో సాగు ఇట్టి ప్రవర్తనను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలునకు తెచ్చిన వ్యాధుల వర్గీకరణ, ప్రేరణనియంత్రణ లోపములలో చేర్చినది, కేవలము పాపభీతివలన కలుగు వేదనను మాత్రము రోగముగా లెక్కింపలేదు. కావున మొదట మానసిక వైద్యుని దర్శింపుడు. ఆయన సూచించు ప్రవర్తనా చికిత్సకును, ఔషధములకును యోగము తోడగునే కాని బదులు కానేరదు. కోరిక తలయెత్తిన వేళ, ఫోనును పక్కగదిలో నుంచి, వెన్ను నిలిపి కూర్చుండి, గాలి పీల్చుటకంటె విడుచుటను దీర్ఘముగా సాగించుచు, ఆ కోరిక పెరిగి తనంతట తగ్గుటను గమనింపుడు, దానితో పెనుగులాడకుడు. బ్రహ్మచర్య ప్రతిజ్ఞలు చేయించు శిబిరములు నాకు రుచింపవు. భంగమైన ప్రతిజ్ఞ సిగ్గును పెంచి మరల ఆ ప్రవర్తనకే ఈడ్చును. వాడుచున్న మందులుండినచో, వైద్యుని అడుగక మానకుడు.