స్వింగు యుగపు ఇత్తడి వాయిద్యములు – వాని సేకరణము

పాత తపాలాబిళ్లలను, నాణెములను సేకరించువారిని మన విద్యార్థు లెల్లరు నెరుగుదురు. పాత బూరలను సేకరించువారును కలరనిన కొందరికి నవ్వు రావచ్చును. తపాలాబిళ్ల పుస్తకమున నిమిడిపోవును. తొమ్మిదడుగుల గొట్టమును మడిచి చేసిన ట్రాంబోను నింట నెక్కడ దాచవలెనని తల్లులడుగుట న్యాయమే. అయినను ఈ యభిరుచి గలవారు అమెరికాయందును, ఐరోపాయందును పలువురు కలరు. వారిలో పెక్కండ్రు కోరునవి స్వింగు యుగమునాటి వాయిద్యములు. అవి యెట్టివో, వానిని గుర్తించు టెట్లో, చేతికి వచ్చినదానిని చెరుపక కాపాడు టెట్లో వివరింతుము.

1935వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీ రాత్రి లాస్ ఏంజిలిస్ నగరమున పాలొమార్ బాల్‌రూమ్ అను నాట్యశాలలో బెన్నీ గుడ్‌మన్ బృందము వాయింపగా శ్రోతలు ఉప్పొంగిపోయిరి. స్వింగు యుగమున కదియే యారంభమని సంగీత చరిత్రకారులు పలువురు చెప్పుదురు. నాటినుండి ఇంచుమించు 1946 వరకు పెద్ద బృందములదే రాజ్యము. ఒక్కొక్క బృందమున ముగ్గురో నలుగురో ట్రంపెట్టువారు, ఇద్దరో ముగ్గురో ట్రాంబోనువారు, నలుగురైదుగురు సాక్సొఫోనువారు నుండెడివారు. ఇచ్చట నొకమాట. సాక్సొఫోను ఇత్తడితో చేయబడినను ఇత్తడి వాయిద్యముల కులమునకు చేరదు. ట్రంపెట్టులో పెదవుల కంపము వలన ధ్వని పుట్టును. సాక్సొఫోనులో రెల్లుబద్ద కంపించును. కావున శాస్త్రజ్ఞులు దానిని కొయ్య వాయిద్యములలో చేర్చిరి. వస్తువును బట్టి గాక ధ్వని పుట్టు విధమును బట్టి విభజింపవలెనని దీనివలన తెలియుచున్నది.

ఈ పరిశ్రమకు ముఖ్యస్థానము ఇండియానా రాష్ట్రమందలి ఎల్క్‌హార్ట్ పట్టణము. చార్లెస్ జెరార్డ్ కాన్ అనునతడు 1870–80 నడుమ రబ్బరు అంచుగల మౌత్‌పీసులతో వ్యాపారము మొదలిడి గొప్ప కర్మాగారము నెలకొల్పెను. మార్టిన్ కంపెనీయు ఆ యూరిదే. రెనాల్డ్ షిల్కీ రూపకల్పనలో పాలుగొన్న దాని 'కమిటీ' ట్రంపెట్టును డిజ్జీ గిలెస్పీ, మైల్స్ డేవిస్ వాయించిరి. క్లీవ్‌లాండు నగరమున హెచ్. ఎన్. వైట్ కంపెనీవారు 'కింగ్' అను పేర వాయిద్యములు చేసిరి. యజమాని 1940లో మరణింపగా ఆయన భార్య ఎడ్నా వైట్ 1965 వరకు ఆ కర్మాగారమును నడిపెను. న్యూయార్కున విన్సెంట్ బాక్ అను ఆస్ట్రియా దేశీయుడు 1918లో మౌత్‌పీసులతో నారంభించి పిమ్మట ట్రంపెట్లు చేసెను. 1953లో ఆ కర్మాగారము బ్రాంక్సు పేటనుండి మౌంట్ వెర్నన్‌కు మారెను. కనుక బ్రాంక్సులో చేసినవానికి సేకర్తలలో ప్రత్యేక గౌరవము.

వయస్సు తెలిసికొనుటకు వరుససంఖ్యయే మొదటి సాక్షి. పెక్కు ట్రంపెట్లలో నిది రెండవ కవాటపు గూటిమీద చెక్కబడియుండును. పెద్ద కంపెనీల సంఖ్యలు ఏ యేట నెంతవరకు వచ్చెనో తెలుపు పట్టికలు ప్రకటింపబడినవి. వానిని ఒకటి రెండేండ్ల తేడాతో నమ్మవచ్చును. 1942 నడుమనుండి యుద్ధాంతము వరకు చేసినవి అరుదు. ఆ సంవత్సరము అమెరికా యుద్ధోత్పత్తి మండలివారు లోహ వాయిద్యముల తయారీని నిలిపివేసిరి. రాగి, తుత్తునాగము తూటాలకు కావలసివచ్చెను. కాన్ కర్మాగారము దిక్సూచులు, విమానముల ఎత్తు కొలుచు యంత్రములు చేయసాగెను. వాద్యకారుల సంఘమువారును అదే యేడు ఆగస్టు 1 నుండి గ్రామఫోను రికార్డులకు వాయించుట మానిరి. ఆ కాలపు వాద్యము రికార్డులలో కొలదిగానే మిగిలినది. ఆనాటి బూర లొక్కొక్కటియు విలువగలవగుటకు నిదియు నొక హేతువు.

లోహమునుగూర్చి కొంత తెలియవలెను. సాధారణపు ఇత్తడిలో నూటికి డెబ్బది పాళ్లు రాగి, ముప్పది తుత్తునాగము. రాగి పాలు హెచ్చిన కొలది రంగు ఎరుపెక్కును. జర్మన్ సిల్వరు అను దానిలో వెండి లేశమైనను లేదు. అది రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. అయితే 'కింగ్' వాయిద్యములలో కొన్నింటికి విప్పారిన నోరు నిజముగ మేలివెండితోనే చేయబడినది. పేరు విని మోసపోరాదు. తెలియక నిజమైన వెండిని తక్కువ ధర కమ్ముకొనను రాదు.

ఇక అసలు సంగతి. పాత ట్రంపెట్టు దొరకిన వెంటనే దానిని తళతళ మెరయించవలెనని పిల్లలకు తోచును, పెద్దలకును తోచును. మా యభిప్రాయమున నింతకంటె చేటు లేదు. ట్రంపెట్టు నోటి రేకు మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. తిరుగు చక్రముపై దానిని సానబట్టిన నా రేకు మరింత పలుచనగును. చేతితో చెక్కిన పూవులు, కంపెనీ పేరు, వరుససంఖ్య చెరిగిపోవును. ఒకసారి పోయిన లోహము తిరిగి రాదు. ఎనుబదియేండ్లు మాసియు నిలిచిన చరిత్ర యొక మధ్యాహ్నమున మాసిపోవును. మొదటి లాకరుపూత సగము రాలియున్నను, దానిని ముట్టనిదే సేకర్తలు మెత్తురు. సొట్టలు వేరు, ధ్వనిని చెరుపు సొట్టను నేర్పరి పనివాడు లోనుండి ఒత్తి సరిచేయవచ్చును.

కొనునప్పుడు మౌత్‌పీసు తగులుకొను గొట్టమును వెలుతురున పరికింపుడు. గులాబిరంగు మచ్చ, దాని నడుమ నల్లచుక్క కన్పించినచో తుత్తునాగము లోపలినుండి కరగిపోవుచున్నదని యర్థము. దీనిని రుద్ది మాన్పజాలము, గొట్టము మార్చవలసినదే. కవాటముల పరీక్ష సులభము. మీట నొక్కకయే ఆ కవాటపు గొట్టమును చటుక్కున లాగుడు. టప్పుమని శబ్దమైన గాలి యాగుచున్నదని గ్రహింపవచ్చును. ఇరుక్కొన్న మౌత్‌పీసును పట్టుకారుతో తిప్పకుడు; దానికై ప్రత్యేకపు పనిముట్టు కలదు.

శుభ్రపరచుటకు గోరువెచ్చని నీరు, మెత్తని సబ్బు చాలును. వేడినీరు పాత లాకరును పైకెత్తును. పిస్టనులకు 1, 2, 3 అను అంకెలుండును. ఒకదాని గూటిలో నొకటి వేయరాదు. ఎన్నడో యెవరో ఊదిన గొట్టములో బూజు పెరుగుట కద్దు. కడుగకముందు నోట బెట్టుట ఊపిరితిత్తులకు హాని.

మనదేశమునకును ఈ చరిత్రతో సంబంధము లేకపోలేదు. 1935లోనే లియోన్ ఆబీ బృందము బొంబాయి తాజ్ మహల్ హోటలున వాయించెను. హోటళ్లలో నా సంగీతము నేర్చిన గోవా వాద్యకారులు కొందరు పిమ్మట హిందీ చలనచిత్రముల వాద్యబృందములలో చేరిరి. మన పెండ్లి ఊరేగింపుల బ్యాండుమేళములవారి బూరలు తరచు మీరట్టు పట్టణపు పనివాండ్రవి. వాని కథ వేరు. అయినను పాత సామానుల యంగడిలో గాని, తాతగారి పెట్టెలో గాని బూర యొకటి కన్పించినచో, ఇత్తడి తూకమున కమ్మకముందు రెండవ కవాటపు గూటిమీది అంకెలను కాగితమున వ్రాసికొనుడు.