మఫ్రఖ్ నేర్పిన షుక్ర్ పాఠం



ముప్పై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలకు కృతజ్ఞత నేర్పడం ఎలా అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఎప్పుడూ ఒకే జవాబు ఉండేది. "మనకంటే లేనివాళ్లను చూపించండి. తమకున్నదాని విలువ వాళ్లకే తెలుస్తుంది." ఉదయం ప్రార్థన సమయంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అది సగం పాఠమేనని నా దగ్గర చదువుకున్న అమ్మాయే నాకు నేర్పింది. మిగతా సగం మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎవరా అమ్మాయి?

ఆమెది కర్నూలు. తండ్రి దర్జీ. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు ఆమె ఐదో తరగతి. ఇంట్లో కుట్టుమిషనుతో సహా అన్నీ బురదపాలయ్యాయి. పుస్తకాల సంచీ మిగల్లేదు. ఆ తర్వాత దాతల సాయంతో, స్కాలర్‌షిప్పులతో డిగ్రీ దాకా వచ్చి, ప్రజారోగ్యంలో పీజీ చేయడానికి బ్రిటన్ వెళ్లింది.

2023 వేసవిలో తోటి విద్యార్థులతో కలిసి మూడు వారాల స్వచ్ఛంద సేవకు జోర్డాన్ వెళ్లింది. ఖర్చులు ఎవరివి వాళ్లే పెట్టుకున్నారు. కొందరు సాయంత్రం పూట ఉద్యోగాలు చేశారు. ఈమె యూనివర్సిటీలో బిర్యానీ వండి అమ్మింది.

వాళ్లు దిగిన ఊరు మఫ్రఖ్. ఉత్తర జోర్డాన్‌లో సిరియా సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. 2012 జులైలో తెరిచిన జాతరీ శరణార్థి శిబిరం ఆ పక్కనే ఉంది. గుడారాలతో మొదలై, రేకుల గదుల పట్టణంగా మారిన ఆ శిబిరంలో అప్పటికి దాదాపు 80 వేల మంది ఉన్నారు. బళ్లు చాలక పొద్దున ఆడపిల్లలకు, మధ్యాహ్నం మగపిల్లలకు తరగతులు నడుస్తాయి. అయితే శరణార్థులంతా శిబిరాల్లోనే ఉంటారనుకోవడం పొరపాటు. జోర్డాన్‌లోని సిరియన్లలో ప్రతి ఐదుగురిలో నలుగురు ఊళ్లలో, పట్టణాల్లో అద్దె ఇళ్లలోనే బతుకుతున్నారు. మా అమ్మాయి పాఠాలు చెప్పింది అలాంటి ఇళ్ల పిల్లలకే.

అక్కడ ఏం జరిగింది?

మొదటి రోజే గర్వం దిగిపోయిందట. చిన్నప్పుడు నాజిరా చదువుకుంది కాబట్టి అరబీ అక్షరాలు చకచకా చదివేస్తుంది. కానీ మాట అర్థం కాదు. పిల్లలు పడిపడి నవ్వి, ఒక్కో వస్తువూ చూపించి పేర్లు నేర్పించారు. పాఠం చెప్పడానికి వెళ్లినామె పాఠం నేర్చుకుంది. ఆ కేంద్రంలోని పెద్ద ఉపాధ్యాయురాలు కూడా శరణార్థే. యుద్ధానికి ముందు దరాలో ఏళ్ల తరబడి బడి నడిపిన మనిషి. ఏ పిల్లవాడు రాత్రిళ్లు నిద్రపోడో, ఎవరు బడి మాని పనికి పోతున్నారో ఆమెకే తెలుసు. "మేం మూడు వారాల తర్వాత వెళ్లిపోతాం సార్, ఆమె ఉంటుంది. ఆమె చెప్పిన పని చేయడమే మా పని అని రెండో రోజుకు అర్థమైంది" అంది మా అమ్మాయి.

ఒక సాయంత్రం ఓ పిల్ల తల్లి ఇంటికి పిలిచింది. గదిలో పరుపులు తప్ప మరేమీ లేవు. సేజ్ ఆకు వేసి, చక్కెర దండిగా పోసిన టీ ఇచ్చింది. వద్దంటే ఒప్పుకోలేదు. "ఆ ఇంట్లో నేను ఇచ్చేదాన్ని కాదు సార్, మెహమాన్‌ని" అంది.

చివరి రోజు దాతలకు పంపడానికి పిల్లల ఫొటోలు తీయమన్నారు. పదేళ్ల పిల్ల ఒకతి నోట్‌బుక్ ముఖానికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మాయి ఫోన్ జేబులో పెట్టేసింది. ఎందుకని అడిగాను. కాసేపు ఆగి చెప్పింది.

"వరదలప్పుడు మన బళ్లో నోట్‌బుక్కులు పంచారు కదా సార్. కెమెరాలో సరిగ్గా పడాలని నన్ను ముందుకు జరగమన్నది మీరే. పుస్తకాలు కనబడేలా ఎత్తి పట్టుకోమన్నారు. ఆ పుస్తకాలతోనే చదువుకున్నాను, ఆ మేలు మర్చిపోను. కానీ ఆ ఫొటో ఇప్పటికీ గుర్తుకొస్తుంది."

నాకు మాట రాలేదు. ఆ రోజు మంచిపనే చేశాననుకున్నాను. పదేళ్ల పిల్ల తలవంచుకోవడం నా కంటికి కనబడలేదు.

మూడు మెట్లు

ఇమామ్ గజాలీ (1058–1111) తన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో సహనానికి, కృతజ్ఞతకు కలిపి ఒక అధ్యాయమే కేటాయించారు. షుక్ర్‌లో ఇల్మ్, హాల్, అమల్ అనే మూడు భాగాలున్నాయని వివరించారు. తెలుసుకోవడం, మనసు స్పందించడం, ఆచరించడం అన్నమాట. ఈ అనుభవాన్ని ఆ మూడింటితో సరిచూసుకుందాం.

మొదటిది తెలుసుకోవడం. నాకున్నది నా గొప్పతనం వల్ల వచ్చింది కాదు, అల్లాహ్ అనుగ్రహం అని గ్రహించడం. మఫ్రఖ్ పిల్లకూ కర్నూలు పిల్లకూ తెలివిలో తేడా లేదు. ఒకరికి తలుపు తెరుచుకుంది, మరొకరికి ఇంకా తెరుచుకోలేదు.

రెండోది మనసు స్పందించడం. నేను పొరబడింది ఇక్కడే. "వాళ్లలా లేను, అదృష్టవంతుణ్ణి" అన్న ఊరటను షుక్ర్ అనుకున్నాను. ఎదుటివాడి లేమి మీద నిలబడే సంతోషం షుక్ర్ ఎలా అవుతుంది? ఇచ్చినవాడిని తలచుకుని వినయంతో సంతోషించాలి.

మూడోది ఆచరణ. అనుగ్రహాన్ని అది ఇచ్చిన ఉద్దేశానికే వాడాలి. చదువు దొరికినవాడు చదువు చెప్పాలి. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతి ఆదివారం కర్నూలులోని ఇద్దరు ఇంటర్ పిల్లలకు ఫోన్‌లో లెక్కలు చెబుతోంది. "అంత ఖర్చు పెట్టి వెళ్లడం దేనికి, ఆ డబ్బు అక్కడి టీచరుకే పంపితే పోయేది కదా అని నాకూ అనిపించింది సార్. తిరిగొచ్చాక ఏం చేస్తానన్న దాన్ని బట్టే దానికి జవాబు" అంది.

అవకాశం ఇస్తే ఏమవుతుంది?

ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 2019 నివేదిక ప్రకారం ప్రపంచంలోని శరణార్థి యువతలో ఉన్నత చదువులకు చేరినవారు 3 శాతమే. 2023 నాటికి అది 7 శాతానికి పెరిగింది. 2030 నాటికి 15 శాతానికి చేర్చాలన్నది లక్ష్యం. ఆ నాలుగేళ్లలో పిల్లల తెలివి రెట్టింపు కాలేదు. తెరిచిన తలుపులు పెరిగాయి. 1992 నుంచి నడుస్తున్న డాఫీ లాంటి స్కాలర్‌షిప్పులు తెరిచిన తలుపులవి. మన సంస్థ కట్టే ఒక్కో ఫీజు రసీదు చేసే పనీ ఇదే.

మనం ఏం చేయగలం?

1. సాయం అందుకునే పిల్లల ముఖాలు చూపించే ఫొటోలు మానేద్దాం. లెక్కలు, మార్కులు, రసీదులు చూపిద్దాం. దాతకు నమ్మకం కలగడానికి అవి చాలు.

2. ఒకసారి ఇచ్చి ఆగిపోకుండా, ఒక విద్యార్థికి చదువు పూర్తయ్యేదాకా తోడుందాం. మధ్యలో ఆగిన ఫీజు సగం కట్టిన వంతెన లాంటిది.

3. మన పిల్లలను సేవకు పంపేటప్పుడు "వెళ్లి చూసి రా" అనకుండా "వెళ్లి వాళ్లు చెప్పిన పని చేసి రా" అని చెబుదాం. దూరదేశం పోనక్కర్లేదు, పక్క వీధి సాయంత్రం బడి చాలు.

ఇకమీదట ప్రార్థన సమయంలో "వాళ్లను చూసి మీ అదృష్టం తెలుసుకోండి" అని నేను చెప్పను. "మీకు అందినదాన్ని ఎవరికి అందిస్తారు?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాల్సింది నేనే. 2009 నాటి ఆ ఫొటో బడి గోడ మీద మొన్నటి దాకా ఉండేది. దాన్ని తీసి, ఆ అమ్మాయికే ఇచ్చేశాను.

అల్లాహ్ మనకిచ్చిన ప్రతి అవకాశాన్నీ అమానత్‌గా చూసుకునే బుద్ధిని, ఇచ్చేటప్పుడు ఎదుటివారి గౌరవం కాపాడే సున్నితత్వాన్ని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.