పార్కులో పెద్ద భోజనం: అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన తల్లిదండ్రుల్లో చాలామందికి ఫ్లోరిడా ప్రయాణం తప్పదు. 1971లో డిస్నీ వరల్డ్ తెరిచిన దగ్గర్నుంచి ఓర్లాండో చుట్టూ పార్కుల మీద పార్కులు వెలిశాయి. టికెట్ల గురించి, హోటళ్ల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఆ పార్కుల్లోని ఖరీదైన రెస్టారెంట్లలో రాత్రి భోజనం గురించి నేను చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో ఏళ్ల తరబడి మెస్ నడిపినదాన్ని. వండి, వడ్డించి, డబ్బు తీసుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు.

మా అమ్మాయి, అల్లుడు ముచ్చటపడి మమ్మల్ని అలాంటి చోటికి తీసుకెళ్లారు. ఏ పార్కో, ఏ రెస్టారెంటో పేరు అనవసరం. పాతకాలపు ఓడ లోపలున్నట్టు కట్టిన గోడలు, ఇత్తడి దీపాలు, మెత్తటి కుర్చీలు. భోజనం మాత్రం ఆ హంగుకి తగ్గట్టు లేదు.

1. అలసిన రోజు పెద్ద భోజనం పెట్టుకోకండి.

ఆకలి రుచెరగదంటారు. పార్కులో రోజంతా తిరిగితే పుట్టే ఆకలి అలాంటిది కాదు. కాళ్లు పీకుతుంటే, పిల్లలు పేచీ పెడుతుంటే, తీరిగ్గా ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వంటకాలు ఎవరికీ ఆనవు. పైగా రాత్రి బాణసంచా ఉన్నచోట, దానికి ముందో వెనకో జనమంతా ఒక్కసారే బల్లల మీద పడతారు. ఏ వంటింటికైనా అది గడ్డు సమయం. వెళ్లాలనే ఉంటే మధ్యాహ్నం వెళ్లండి. ఎండా తప్పుతుంది, వంటవాళ్లకీ ఊపిరాడుతుంది. అంతకంటే మంచిది, పార్కుకి వెళ్లని రోజు చూసుకోవడం.

2. డబ్బు దేనికి ఇస్తున్నామో ముందే అనుకోండి.

గేటు దగ్గర టికెట్టు కొని లోపలికొచ్చిన మనిషి, భోజనం నచ్చలేదని పక్క వీధి హోటలుకి పోలేడు. మా మెస్‌లో పప్పు ఒక్కరోజు మాడితే మర్నాటికి సగం మంది ఎదురు సందులోకి మారేవాళ్లు. ఆ భయమే నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టింది. పార్కు లోపల ఆ భయానికి చోటు తక్కువ. అలాగని అందరూ నాసిగా వండుతారని కాదు. డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంటు ఉంది. ఆఫ్రికా వంటకీ మన వంటకీ పొత్తు కుదిర్చి, రకరకాల చట్నీలతో నాన్ పెడతారు. కిటికీలోంచి జిరాఫీలు కనపడతాయి. పిల్లలకి ఆ దృశ్యం చూపించడానికే డబ్బు ఇస్తున్నామనుకుంటే అది న్యాయమైన బేరం. రుచి కోసమే అయితే ఊళ్లో వెతుక్కోండి.

3. పసివాళ్లకి ముందు తెప్పించండి.

కూర్చోగానే, మీ మెనూ ఇంకా తెరవకముందే, పిల్లల ప్లేటు చెప్పేయండి. మా మనవరాలిది అందరికంటే ఆఖర్న వచ్చింది. అప్పటికే అది వాళ్ల నాన్న ఒళ్లో నిద్రపోయింది.

4. బాగాలేదంటే అప్పుడే చెప్పండి.

నాకు పుట్టగొడుగుల రిసోట్టో తెచ్చారు. ఇటలీ వాళ్లు బియ్యంతో చేసే వంటకం. గింజ కాస్త పలుకుగా ఉండాలి, మొత్తం జారుగా ఉండాలి. నా ముందు పెట్టిన ప్లేటు మీద మీగడ కట్టినట్టు పొర. అంచుల్లో మెతుకులు ఎండి ప్లేటుకి అంటుకుపోయాయి. ప్లేటు చెయ్యి కాలేంత వేడి, మధ్యలో అన్నం చల్లన. వండినవాడి చేతిలో లోపం లేదని చూడగానే తెలిసింది. వండాక అది వంటింటి గట్టు మీద, వేడి తగ్గకుండా పెట్టే దీపం కింద చాలాసేపు కూర్చుంది. మిగతా ప్లేట్లు సిద్ధమయ్యేదాకా ఆపారు, లేదా తెచ్చే మనిషి దొరకలేదు. అల్లుడి చేప కూడా చల్లారిపోయింది.

అన్నానికి వంక పెట్టకూడదని మనల్ని పెంచారు. ఒకరి ఇంట్లో విస్తరి ముందు అది గొప్ప సంస్కారం, నేనెప్పుడూ దాన్ని దాటను. కొనుక్కున్న భోజనం సంగతి వేరు. మెస్ నడిపేటప్పుడు, "అమ్మా, ఇవాళ సాంబారు పులిసింది" అని మొహం మీద చెప్పిన కుర్రాళ్లే నాకు మేలు చేశారు. మారుమాట్లాడకుండా తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ రానివాళ్ల వల్ల ఎక్కడ తప్పు జరిగిందో కూడా నాకు తెలిసేది కాదు.

"అత్తయ్యగారూ, పోనీలెండి, వదిలేద్దాం" అన్నాడు అల్లుడు. నేను ఒప్పుకోలేదు. రెండు ముద్దలు తిన్నాక, సగం కాకముందే, వడ్డించే అమ్మాయిని పిలిచి అన్నం చల్లగా ఉందని నెమ్మదిగా చెప్పించాను. మేనేజరు వచ్చి రెండు ప్లేట్లూ తీయించాడు. చేప మళ్లీ వేడిగా వచ్చింది. నా ప్లేటు ఖరీదు బిల్లులోంచి తీసేశారు. అమెరికాలో ఇలా వెనక్కి పంపడం పరువు తక్కువ పని కాదు. మొత్తం తినేసి బిల్లు దగ్గర గొడవ పడితేనే బాగుండదు.

5. శాకాహారులు ఒక ప్రశ్న ఎక్కువే అడగాలి.

మాంసం ముక్క లేనంత మాత్రాన శాకాహారం అయిపోదు. రిసోట్టోని చాలాచోట్ల కోడి ఎముకలు మరిగించిన నీళ్లతో ఉడికిస్తారు. అసలైన ఇటలీ పార్మెజాన్ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. ముందే అడిగితే చాలామంది షెఫ్‌లు ఓపిగ్గా చెబుతారు, మార్చి వండుతారు కూడా.

6. వంటింటి తప్పుకి వడ్డించిన మనిషిని శిక్షించకండి.

బిల్లు వచ్చాక కోపం టిప్పు మీద చూపించేవాళ్లని చూశాను. నాకు చాలా బాధ అనిపిస్తుంది. టిప్పులు వచ్చే ఉద్యోగికి అమెరికా కేంద్ర చట్టం చెప్పే కనీస కూలి గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది పెరగలేదు. ఫ్లోరిడాలో అంతకంటే మెరుగే, అయినా మామూలు కనీస వేతనం కంటే 3.02 డాలర్లు తక్కువ ఇవ్వడానికి యజమానికి వీలుంది. ఆ లోటు టిప్పుతోనే పూడాలి. ఆ రాత్రి మాకు వడ్డించిన అమ్మాయి ఒంటరిగా ఎన్ని బల్లలు చూసుకుందో కళ్లారా చూశాను. పూర్తి టిప్పు ఇవ్వమని అల్లుడికి చెప్పాను.

బిల్లు మాత్రం చదివి ఇవ్వండి. మెనూలో ధరకి పన్ను కలవదు, ఓర్లాండోలో 6.5 శాతం అదనం. ఆరుగురు, అంతకు మించి వెళితే చాలాచోట్ల 18 శాతం టిప్పు వాళ్లే వేసేస్తారు. చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.

7. బల్ల దగ్గర రూపాయల లెక్క వద్దు.

మా వారు బిల్లు వైపు చూడగానే చెయ్యి నొక్కాను. డాలర్లని రూపాయల్లోకి మార్చి, "ఈ డబ్బుతో నెల సరుకులొచ్చేవి" అని పైకి అంటే, ముచ్చటపడి తీసుకొచ్చిన పిల్లల మొహాలు ఏమవుతాయి? అలాగని అబద్ధమూ చెప్పొద్దు. కారులో అమ్మాయి, "అమ్మా, నిజం చెప్పు, నచ్చలేదు కదూ?" అంది. నచ్చలేదన్నాను, ఎందుకో కూడా చెప్పాను. "నాకూ నచ్చలేదు, మీరేమనుకుంటారోనని ఊరుకున్నా" అని అది హాయిగా నవ్వింది. హోటల్ చేరేలోగా మర్నాటి ఏర్పాటు తల్లీకూతుళ్లం తేల్చేశాం. డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలూ మద్యం తప్ప. ఫుడ్ కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్లు ఊరికే పోస్తారు. గదిలో చిన్న వంటిల్లు ఉంది. పొద్దున్నే పులిహోర కలిపాను.